నార్మండీని ముంచింది నీళ్లే

(ఏప్రిల్ 15న విశాఖపట్నంలో ఓడల అభిమానుల కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇంతకుముందే ఇద్దరు చదివారు. మూడోసారి నేనూ చదివితే ఆ పెద్దలకే విసుగు. నన్ను పరిచయం చేసిన అమ్మాయి "నౌకా నిర్మాణ నిపుణులు" అంది. తల్లీ, నేను నిపుణుణ్ణి కాను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఓడల మరమ్మతుల్లో ఫైర్ వాచ్ చేశాను. వెల్డరు పని చేస్తుంటే పక్కన ఇసక బకెట్టు పెట్టుకుని, రవ్వ ఎక్కడ పడుతోందో చూస్తూ నిలబడేవాణ్ణి. అంతే నా ఉద్యోగం. కాబట్టి లెక్కల్లో తప్పుంటే ఇంజనీర్లు మన్నించాలి. మంట సంగతిలో తప్పు చెబితే మాత్రం మన్నించకండి.

నాకిచ్చిన అంశం "టైటానిక్: తెగని వాదాలు". ఈ రోజుకి తగిన అంశమే. 1912లో ఇదే ఏప్రిల్ 15 తెల్లవారుజామున 2:20కి మునిగింది. అయితే బాబూ, అందులో చాలా వాదాలు తెగిపోయాయి, మీరే తెగనివ్వడం లేదు. ఓడ రెండు ముక్కలైందా, గుండ్రాయిలా మొత్తంగా దిగిందా? బతికి బయటపడ్డ సెకండ్ ఆఫీసర్ లైటోలర్ మొత్తంగానే దిగిందన్నాడు. విచారణల వాళ్లు ఆయన మాటే రాసుకున్నారు. పదిహేడేళ్ల జాక్ థేయర్ లాంటి వాళ్లు, విరగడం కళ్లారా చూశామన్నా ఎవరూ పట్టించుకోలేదు. 1985 సెప్టెంబరు 1న శిథిలాల కోసం వెతికిన బల్లార్డ్, మిషెల్ బృందం సముద్రం అడుగున చూస్తే రెండు ముక్కలు. పిల్లాడి మాట నెగ్గడానికి 73 ఏళ్లు పట్టింది. ఇక రెండోది, బీమా డబ్బుకోసం టైటానిక్ జంట ఓడ ఒలింపిక్‌నే టైటానిక్ పేరు పెట్టి ముంచేశారన్న కథ. అడుగునున్న ప్రొపెల్లర్ మీద 401 అని చెక్కి ఉంది. అది ఓడ కట్టిన యార్డు టైటానిక్ కిచ్చిన నంబరు, ఒలింపిక్‌ది 400. అయినా చెప్పేవాడు చెబుతూనే ఉన్నాడు. నిజంగా తెగనిది, ఆ రాత్రి దగ్గర్లోనే ఆగి ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడ గొడవ. ఆ ఓడ కెప్టెన్ స్టాన్లీ లార్డ్ దోషా, కాదా? టైటానిక్ సాయం కోసం వదిలిన తెల్ల రాకెట్లు ఆకాశంలో తన ఆఫీసర్లకి కనిపించాయి, వైర్‌లెస్ మనిషి పడుకున్నాడు, ఎవరూ అతన్ని లేపలేదు. దీని మీద నాకు తెలిసిన ఇద్దరు మిత్రులు మాటలు మానేసుకున్నారు. వాళ్లలో ఒకాయన ఈ హాల్లోనే ఉన్నాడు, రెండోవాడొస్తున్నాడని తెలిసి చివరి వరసలో కూర్చున్నాడు.

సరే. ఇంత దూరం వచ్చేశాం గనక, మీరు గుమ్మం దగ్గర అంటించిన కాగితం గురించి. "క్వీన్ మేరీయా? నార్మండీయా? ఓటు వేయండి" అని. రెండూ అట్లాంటిక్ దాటించిన పాత ప్రయాణికుల ఓడలే, మొదటిది బ్రిటన్ వాళ్లది, రెండోది ఫ్రాన్సు వాళ్లది. నేను చూసేసరికి క్వీన్ మేరీకి 34, నార్మండీకి 9. ఆ తొమ్మిదిలో ఒకటి నాది. అప్పుడే అనుకున్నాను, టైటానిక్ సంగతి ఇవాళ్టికి అయిపోయిందని.

క్వీన్ మేరీ వాళ్ల మాట ముందు చెప్పాలి, న్యాయం. 1936లో బయల్దేరింది. అట్లాంటిక్ వేగానికిచ్చే బ్లూ రిబ్బన్ అటూ ఇటూ మారి, 1938లో దాని చేతికొస్తే మళ్లీ 1952లో యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ వచ్చేదాకా వదల్లేదు. 1943 జూలైలో ఒక్క ప్రయాణంలో 16,683 మందిని మోసింది. మా బస్సులకి కూడా అంత ఓపిక లేదు. ఇప్పటికీ కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ రేవులో తేలుతూ ఉంది. నార్మండీ ఏం చేసింది? 1935లో తొలి ప్రయాణంలోనే రిబ్బన్ పట్టింది. 313 మీటర్ల పొడవు. భోజనశాల 93 మీటర్లు, కిటికీ ఒక్కటి లేదు, నిలువెత్తు గాజు దీపస్తంభాలతోనే వెలుగు. మూడు పొగ గొట్టాల్లో మూడోది ఉత్తుత్తిది. ఇంత చేసీ టికెట్లు అమ్ముడుపోక చాలాసార్లు సగం ఖాళీగా తిరిగింది. నాలుగేళ్లు తిరిగిందో లేదో యుద్ధం వచ్చి న్యూయార్క్‌లో కట్టేశారు. ఓటు ఎటు వేస్తారో నాకు తెలుసు.

నేను దాని వైపు ఎందుకంటే, దాన్ని చంపింది నా పని. నా పని చేయాల్సినవాడు సరిగ్గా చేయకపోవడం.

అమెరికా యుద్ధంలోకి దిగాక 1941 డిసెంబరులో దాన్ని స్వాధీనం చేసుకుని, లఫాయెట్ అని పేరు మార్చి, సైనికుల్ని మోసే ఓడగా మార్చడం మొదలుపెట్టారు. తొందర. పైనుంచి రోజూ తొందర. 1942 ఫిబ్రవరి 9, మధ్యాహ్నం రెండున్నర. పెద్ద హాల్లో ఒక ఇనప స్తంభాన్ని గ్యాస్ టార్చితో కోస్తున్నారు. పక్కనే లైఫ్ జాకెట్లు గుట్టలుగా పడేశారు, గోనె గుడ్డ చుట్టి. ఆ జాకెట్లలో కూరిందేమిటో తెలుసా? బూరుగు దూది. మన దిండ్లలో కూరేదే. కాయ పగిలితే ముక్కుల్లోకి పోయేదే. చిన్నప్పుడు మా అమ్మ బూరుగు కాయలు వలిచేటప్పుడు పొయ్యి ఆర్పేసి గాని కూర్చునేది కాదు. చదువు లేని మనిషి. అక్కడ చదువుకున్నవాళ్లు ఆ గుట్టల పక్కన టార్చి వెలిగించారు.

అంటుకుంది. ఆ ఓడకి ఉన్నంత మంచి అగ్ని హెచ్చరిక ఏర్పాటు ఆ రోజుల్లో మరే ఓడకీ లేదంటారు. పని జరుగుతోందని దాన్ని విప్పేశారు. నీళ్ల గొట్టాల మరలు ఫ్రాన్సు కొలత, న్యూయార్క్ ఫైరువాళ్ల గొట్టాలు పట్టలేదు. ఒక కార్మికుడు చనిపోయాడు. సాయంత్రానికి మంట అదుపులోకి వచ్చింది.

ఇక్కడ ఆగి వినండి. మంట అదుపులోకి వచ్చింది. ఓడ పడిపోయింది మాత్రం ఆ రాత్రి 2:45కి. మంటకి కాదు. నీళ్లకి.

ఇదిగో, క్యాంటీన్ కుర్రాణ్ణి అడిగి ఈ స్టీలు ట్రే తెప్పించాను. వేలెడు లోతు నీళ్లు పోశాను. ఒకవైపు కొంచెం ఎత్తుతున్నాను చూడండి. ఎత్తింది ఇంతే, నీళ్లన్నీ అటు పరిగెత్తాయి, ఇప్పుడు ట్రేని నేను ఆపలేకపోతున్నాను. అయ్యో. సార్, ప్యాంటు తడిసిందా? క్షమించండి, ఉత్త నీళ్లే. ఎవరైనా గుడ్డ ఇవ్వండమ్మా సార్‌కి.

మన ఇంజనీర్లు దీన్ని ఫ్రీ సర్ఫేస్ అంటారు. మా ఊళ్లో దీనికి సామెతే ఉంది, నిండు కుండ తొణకదు. అది ఏదో గంభీరంగా ఉండే మనుషుల గురించి అనుకుంటాం. నూతి దగ్గర్నుంచి బిందె మోసుకొచ్చిన ఆడమనిషినడగండి. అంచుదాకా నింపిన బిందె నెత్తిన కదలదు. సగం బిందె అటూ ఇటూ కొట్టి మెడ విరుస్తుంది. నార్మండీ పై అంతస్తుల్లో సగం సగం నీళ్లు. గట్టు మీంచి ఇంజన్లు, నదిలోంచి పడవలు, గంటల తరబడి కొట్టారు. కొట్టినవన్నీ పైనే నిలిచాయి. ఓడ రేవు గట్టుకి అవతలి వైపు ఒరిగింది, ఒరిగినకొద్దీ నీళ్లు అటే పోయాయి.

ఆ ఓడ ఒంటిని గీసినవాడు ఆ రోజు న్యూయార్క్‌లోనే ఉన్నాడు. వ్లదిమిర్ యుర్కెవిచ్, రష్యావాడు. ఒకప్పుడు జారు చక్రవర్తికి యుద్ధనౌకలు గీసినవాడు, విప్లవం తర్వాత ఫ్రాన్సు పారిపోయి రెనో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి పొట్టపోసుకున్నాడు. అలాంటివాడికి దొరికిన ఓడ అది. రేవుకి పరిగెత్తుకొచ్చాడు. ఓడ అడుగున కవాటాలు తెరవండి, అడుగు భాగం నింపేయండి, కింద బురద కొన్ని అడుగుల్లోనే ఉంది, నిటారుగా కూర్చుంటుంది అన్నాడు. అంటే, కుండ నింపమన్నాడు. అక్కడి నేవీ పెద్ద అడ్మిరల్ ఆండ్రూస్ ఒప్పుకోలేదు. ఇది నేవీ పని, మేం చూసుకుంటాం అన్నట్టు మాట్లాడి పంపేశాడు.

ఇక్కడే మీవాళ్లు కొట్టుకుంటారని నాకు తెలుసు. పొగలో లోపలికి ఎవరు దిగుతారు? అప్పటికి టైముందా? ఆ కవాటాలు చేతికి అందేవేనా? మంచి ప్రశ్నలే. నేనూ రాత్రిళ్లు వేసుకున్నాను. నా లెక్కలో, ఎనిమిది గంటలకైనా దిగగలిగేవాడు ఒకడుండేవాడు. దిగమనేవాడే లేడు. క్వీన్ మేరీ వాళ్లు ఒప్పుకోరు, వద్దు.

దీనికన్నా నన్ను కాల్చే వాదం ఇంకొకటుంది. కుట్ర! జర్మన్ గూఢచారులు అంటించారని కొందరు, న్యూయార్క్ మాఫియా అంటించిందని కొందరు. ఆ మాఫియావాళ్లు తర్వాత మేమేనని గొప్పలు కూడా చెప్పుకున్నారు. విచారణల్లో తేలింది అజాగ్రత్త. ఎనభై ఏళ్ల తర్వాత కూడా కుర్రాళ్లు నా దగ్గరికొచ్చి "తాతగారూ, అసలు నిజం కుట్రే కదా" అంటారు. నాయనా, బూరుగు దూదికి కుట్ర అక్కర్లేదు.

అది ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే... ఇది రాసుకొచ్చిన కాగితంలో లేదు. మా అమ్మాయి కూడా ఇక్కడే ఉంది, దానికీ తెలియదు.

1981 ఎండాకాలం. యార్డు పేరు చెప్పను, ఓడ పేరూ చెప్పను. ఒక పాత ప్రయాణికుల ఓడ, మరమ్మతుకొచ్చింది. గోడ ప్లేటు కోస్తున్నారు. గ్యాస్ కట్టింగ్‌లో గోడకి ఇవతల ఒకడుంటే అవతల ఇంకొకడుండాలి. ఎందుకంటే ప్లేటు వేడెక్కి అవతల వైపు పెయింటు ముందంటుకుంటుంది. అవతల నిలబడాల్సింది నేను. ఆ గదిలో ఫోం పరుపులు పేర్చి ఉన్నాయి. చూశాను. తీయించాలని చెప్పాను కూడా, సాయంత్రం తీస్తామన్నారు. నాలుగయ్యింది. టీ బండి వచ్చింది. గాజు గ్లాసు ఇంకా ఒంటి చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది, రుమాలు చుట్టుకుని రెండు గుటకలు తాగాను. పైకి చూస్తే కిటికీలోంచి పసుప్పచ్చ పొగ. ఫోం పొగ మామూలు పొగలా ఉండదు, బరువుగా, జిడ్డుగా దొర్లుతూ వస్తుంది.

ఎవరూ చనిపోలేదు. పెయింటరు దగ్గరుండే కుర్రాడొకడు వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. నన్ను పిలిచి అడిగితే, నేను చోటు వదల్లేదన్నాను. కాగితం మీద షార్ట్ సర్క్యూట్ అని రాశారు. ఆ కుర్రాడు తర్వాత చాలా ఏళ్లు నాకు రోజూ దణ్ణం పెట్టేవాడు, బయటికి లాగింది నేనేనని. లాగింది నేనే. అదీ నిజమే.

ఆ తర్వాత ఏడాదో రెండేళ్లకో లైబ్రరీలో ఒక పాత పత్రికలో నార్మండీ పక్కకి పడి ఉన్న ఫొటో చూశాను. నీళ్లలో సగం మునిగి, పొగగొట్టాలు పడుకుని. మీరంతా బొమ్మలు కడతారు, కొలతలు సేకరిస్తారు, రివెట్లు లెక్కపెడతారు. నాకు ఆ ఫొటో చూడగానే ముందు వచ్చిన ఆలోచన, ఆ టార్చి పక్కన నిలబడాల్సినవాడు ఆ నిమిషంలో ఎక్కడున్నాడు అని. విచారణ కాగితాల్లో అతని గురించి ఏముందో మీలో చదివినవాళ్లుంటే బయటికెళ్లాక నాకు చెప్పండి. గట్టిగా వద్దు, పక్కకి పిలిచి చెప్పండి.

నార్మండీని 1943లో నిలబెట్టారు. పై అంతస్తులన్నీ కోసేసి, నెలల తరబడి నీళ్లు తోడి. పనికిరాదని 1946లో తుక్కుకి లక్షా అరవై వేల డాలర్ల చిల్లరకి అమ్మారు. కట్టడానికైన కోట్లతో పోలిస్తే చిల్లరే.

అధ్యక్షులవారు చీటీ పంపారు, "రెండు నిమిషాలు, టైటానిక్" అని. టైటానిక్‌కి రెండు నిమిషాలు చాలవు సార్, వచ్చే ఏడు పిలవండి. ఆ రెండు నిమిషాల్లో ఒక పని చేయించండి. పొద్దున మీరంతా వెలిగించిన ఆ దీపం కుంది, వెనక ఫ్లెక్సీకి జానెడు దూరంలో ఉంది. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఫ్లెక్సీ ముందుకొస్తోంది. నేనొచ్చినప్పట్నుంచీ అదే చూస్తున్నాను, అందుకే రెండుసార్లు మాట తడబడ్డాను. ఎవరైనా కుర్రాళ్లు లేచి దాన్ని ఇవతలికి జరపండి. అలా కాదు బాబూ, అడుగు పట్టుకో, నూనె తొణుకుతుంది.