సలహా ఇచ్చేవాళ్లకి తోడెవరు?

మన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల సంఘం మీటింగ్‌కి వచ్చిన అందరికీ నమస్కారం. ముందు మా పిన్ని సంగతి చెప్తాను.

పిన్ని తెనాలిలో టీచరుగా చేసి రిటైరైంది. చేతికొచ్చిన డబ్బులో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని బ్యాంకుకెళ్తే, అక్కడి కుర్రాడు "మేడం, ఇదీ ఎఫ్‌డీ లాంటిదే, వడ్డీ ఎక్కువొస్తుంది" అని కాగితాలు ముందు పెట్టాడు. సంతకం ఎక్కడెక్కడ చేయాలో పెన్సిల్‌తో ఇంటూ మార్కులు కూడా వేసి ఉంచాడు. మూడు లక్షలు కట్టి వచ్చింది. ఏడాది తిరిగేసరికి మరో మూడు లక్షలు కట్టమని మెసేజ్ వచ్చింది. అది పదేళ్లు ప్రీమియం కట్టాల్సిన పాలసీ అని అప్పుడు తెలిసింది, వద్దనుకుంటే వెనక్కిచ్చే ఫ్రీ లుక్ గడువు అప్పటికే ఎప్పుడో దాటిపోయింది. ఫైలు నా ముందు పెట్టి "నేనే సరిగ్గా చదువుకోలేదురా" అంది. ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి తప్పంతా తన మీద వేసుకుంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కమీషన్ ముట్టకుండా, ఫీజు మాత్రమే తీసుకుని, ఆమె వైపు కూర్చుని ఆ కాగితం చదివిపెట్టే మనిషి ఆ ఊళ్లో దొరికితే కదా! షేర్లు, మ్యూచువల్ ఫండ్ల మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2013లోనే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ల నిబంధనలు తెచ్చింది. ఇన్నేళ్లయినా దేశం మొత్తం మీద రిజిస్టరైన వాళ్లం వెయ్యికి అటూ ఇటూ ఉన్నాం, అదీ 140 కోట్ల జనాభాకి. కమీషన్ మీద ఫండ్లు అమ్మే మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్లు లక్షకు పైనే. వాళ్లలో నిజాయితీగా పనిచేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు, వాళ్లని తప్పుపట్టడం లేదు. కానీ అడిగే దిక్కులేని చోటే అగ్రిగోల్డ్ లాంటివి ఊరూరా ఏజెంట్లని పెట్టుకుని లక్షల మంది దగ్గర డబ్బు పోగేసుకోగలిగాయి.

2024 డిసెంబర్‌లో సెబీ తలుపు కాస్త వెడల్పు చేసింది. అనుభవం ఉండి తీరాలన్న షరతు తీసేసింది. సొంత ఆస్తి ఇంత ఉండాలన్న నెట్‌వర్త్ షరతు బదులు డిపాజిట్ పెట్టింది, 150 మంది లోపు క్లయింట్లుంటే లక్ష రూపాయలు చాలు. మంచిదే, కొత్తవాళ్లు వస్తారు. మరి ఆ అనుభవం వాళ్లకి ఎవరిస్తారు? మన సంఘం పని అక్కడే మొదలవుతుందని నా గట్టి నమ్మకం.

సీఏ కుర్రాళ్లకి ఆర్టికల్‌షిప్ ఉంది. ఆడిట్ అంటే ఏమిటో సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకుంటారు. మనకి సెబీ పెట్టిన శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ఎం పరీక్షలున్నాయి, అవి అవసరమే, కానీ భార్యాభర్తలిద్దరూ ఎదురుగా కూర్చుని, ఆయన షేర్లంటూ, ఆవిడ ఏమీ మాట్లాడకుండా బ్యాగ్ జిప్పు తీస్తూ వేస్తూ ఉంటే, ముందు ఆవిడని అడగాలని ఏ పరీక్షా నేర్పదు. అలా అడిగితేనే ఆడపడుచు పెళ్లికి తెచ్చిన అప్పు సంగతి బయటికొస్తుంది. ఆ అప్పు తెలీకుండా వేసిన ప్లాను దేనికీ పనికిరాదు. పక్కన కూర్చుని చూస్తేనే ఇది వస్తుంది.

రెండోది కాగితాల భారం. అగ్రిమెంటు, క్లయింటు ఎంత నష్టం తట్టుకోగలడో అంచనా వేసే రిస్క్ ప్రొఫైలింగ్, ఐదేళ్ల రికార్డులు, ఏటా ఆడిట్. ఖమ్మంలో ఒక్కడే ఆఫీసు నడుపుకునే అతను పగలు క్లయింట్లని చూసి రాత్రి ఇవన్నీ చేసుకోవాలంటే టెన్షన్‌తోనే సగం చచ్చిపోతాడు. తెలుగులో అర్థమయ్యే ఒక మంచి అగ్రిమెంటు నమూనా, సందేహమొస్తే ఫోనెత్తే ఒక మనిషి, ఈ రెండూ సంఘం ఇవ్వగలదు. మన మీద పర్యవేక్షణకి స్టాక్ ఎక్స్ఛేంజి బీఎస్ఈ ఉంది. తప్పు చేస్తే పట్టుకోవడం దాని పని, తప్పు జరగకముందే చెయ్యి పట్టుకుని నడిపించడం మన పని.

ఫీజు మాట కూడా ఎత్తాలి. ఫిక్స్‌డ్ ఫీజు ఒక కుటుంబానికి ఏడాదికి 1,51,000 దాటకూడదని పరిమితి ఉంది, అది అటుంచండి, మన ఊళ్లలో పది వేలు అడిగితేనే "సలహాకి డబ్బులా!" అంటారు. పాలసీలో కనపడకుండా పోయే కమీషన్‌కి నొప్పి తెలీదు, చేత్తో ఇచ్చే పది వేలకి తెలుస్తుంది. ఒక్కో అడ్వైజరు ఒక్కో ఇంట్లో ఇది చెప్పుకుంటూ పోతే ఎన్నాళ్లు పడుతుంది? సంఘమే రిటైరయ్యే టీచర్ల దగ్గరికీ, ఆర్టీసీ డిపోలకీ వెళ్లి తెలుగులో చెప్పాలి.

ఒక్క విషయం మాత్రం కటువుగానే చెప్తాను. మనలో ఒకడు టెలిగ్రామ్‌లో గ్యారంటీ లాభాలని ఊదరగొడుతున్నాడని తెలిసీ మనోడే కదా అని ఊరుకుంటే, రేపు మా పిన్ని లాంటావిడ ఎవర్ని నమ్మాలి? విచారించి, నిజమైతే పేరు పెట్టి బయటికి పంపాలి, సెబీకి మనమే రాయాలి. సభ్యత్వ ఫీజు కట్టాడని వెనకేసుకొచ్చే సంఘం నాకొద్దు.

బయట టేబుల్ మీద ఒక రిజిస్టర్ ఉంది. ఏడాదికి ఇద్దరు కొత్తవాళ్లని తమ ఆఫీసులో పక్కన కూర్చోబెట్టుకునే సీనియర్ల కోసం. మొదటి పేరు నాదే రాశాను, కింద గీతలన్నీ ఖాళీగా ఉన్నాయి. భోజనానికి వెళ్లే ముందు ఒకసారి అటు వెళ్లండి.