మాడ్యులర్ సింథ్‌కి మొదటి ఆసిలేటర్ ఏది? హైదరాబాద్ ఎండల్లో మూడు మాడ్యూళ్ల రివ్యూ

నమస్తే అండి. జవాబు ముందే చెప్పేస్తాను, తొందరలో ఉన్నవాళ్లు విని వెళ్లిపోవచ్చు. మాడ్యులర్ సింథ్ అంటే విడివిడి మాడ్యూళ్లని కేబుళ్లతో కలిపి వాయించేది, అందులో నాదం పుట్టించేది ఆసిలేటర్. ముందు ప్లెయిట్స్ అనే డిజిటల్ ఆసిలేటర్ ఒకటి, దాని పక్కన సాదా అనలాగ్ వీసీఓ (వోల్టేజీతో శ్రుతి మారే ఆసిలేటర్) ఒకటి. కాంప్లెక్స్ ఆసిలేటర్ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఎందుకో వినిపిస్తాను, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో మంద్ర స్థాయి అసలు వినపడదు.

టేబుల్ మీద మూడున్నాయి. డోప్ఫర్ ఏ-110-2, మేక్ నాయిస్ ఎస్‌టీఓ, మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ ప్లెయిట్స్. మొదటి రెండూ 8 హెచ్‌పీ, ప్లెయిట్స్ 12. ఒక హెచ్‌పీ అంటే 5.08 మిల్లీమీటర్ల వెడల్పు. నేను చెప్పిన జోడీకి కేసులో పది సెంటీమీటర్ల కంటే కాస్త ఎక్కువ చోటు చాలు.

డోప్ఫర్‌తో మొదలుపెడదాం. ఇది సా టూత్, అంటే రంపపు పళ్లలాంటి అల, వినండి. హార్మోనిక్స్ (అసలు శ్రుతి మీద పలికే పై స్వరాలు) అన్నీ ఉంటాయి, అందుకే ఇంత గరుకు. ఇప్పుడు స్క్వేర్. బేసి సంఖ్య హార్మోనిక్సే మిగిలాయి కాబట్టి లోపల బోలుగా ఉన్నట్టు వినిపిస్తుంది. మూడోది ట్రయాంగిల్. హార్మోనిక్స్ లేని సైన్ అల లేదు. హార్మోనిక్స్‌ని తగ్గించే ఫిల్టర్ ఉన్నవాళ్లకి అది పెద్ద లోటు కాదు.

ఎస్‌టీఓ అసలు బలం సైన్, లీనియర్ ఎఫ్ఎం. ఎఫ్ఎం అంటే ఒక ఆసిలేటర్‌తో ఇంకోదాని శ్రుతిని వేగంగా ఊపడం. ఇంకో ఆసిలేటర్‌ని ఎక్స్‌పోనెన్షియల్ ఇన్‌పుట్‌లోకి ఇచ్చి నాబ్ తిప్పుతున్నాను... చూశారా, శ్రుతి పైకి పాకింది. అదే కేబుల్ లీనియర్‌లోకి మార్చాను. నాదం రంగు మారుతోంది, శ్రుతి మాత్రం దాదాపు అక్కడే ఉంది. గంట మోతలాంటి శబ్దాలు కావాలంటే నేనైతే దీనికే ఓటేస్తాను.

ఇప్పుడు మన ఊరి సంగతి. వోల్టేజీని శ్రుతిగా మార్చే ట్రాన్సిస్టర్లకి వేడి తగిలితే లెక్క మారుతుంది. దాన్ని సరిదిద్దడానికి టెంప్‌కో రెసిస్టర్ పెడతారు, అయినా ఎంతో కొంత మిగులుతుంది. మే నెలలో మేడ మీది గదిలో ఏసీ వేసి శ్రుతి చేసి, తర్వాత ఏసీ ఆపేస్తే తేడా తెలిసిపోతుంది. రెండు అనలాగ్ ఆసిలేటర్లని 130.8 హెర్ట్జ్ షడ్జంలో కలిపారనుకోండి. ఒకటి 5 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) జరిగితే శబ్దం పెరిగి తగ్గుతూ రెండున్నర సెకన్లకో అల లేస్తుంది. ఇదిగో, ఇలా. బేస్ లైన్‌కి ఇది అందమే, నాకు ఇష్టం కూడా. తంబురా శ్రుతి మీద రాగం వాయించేవాళ్లకి మాత్రం చెవి పోటు. పైగా కరెంటు పోయి వచ్చిందంటే మళ్లీ ఓ పదిహేను, ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వాలి.

ప్లెయిట్స్‌కి ఈ టెన్షన్ లేదు. లోపల ఉన్నది డిజిటల్, శ్రుతి జరగదు. స్ట్రింగ్ మోడల్ పెడుతున్నాను... తీగ మీటినట్టు లేదూ? ఆధార శ్రుతికి హాయిగా సరిపోతుంది. ఎఫ్ఎం, వేవ్‌టేబుల్, కార్డ్స్ (కలిసి మోగే స్వరాలు), మాట్లాడే గొంతు, చివరికి బేస్ డ్రమ్ కూడా ఇందులోనే ఉన్నాయి. లోపల డికే ఉంది, అంటే నాదం తనంతట తగ్గిపోతుంది, కాబట్టి శబ్దాన్ని పెంచి తగ్గించే వీసీఏ, ఎన్వలప్ మాడ్యూళ్లు విడిగా లేకపోయినా మొదటి రోజే వాయించొచ్చు. హార్డ్ సింక్ (ఇంకో ఆసిలేటర్ ప్రతి అలకీ దీన్ని మొదటి నుంచి మొదలుపెట్టించడం) లేదు, బయటి నుంచి ఆడియో వేగంతో ఎఫ్ఎం చేస్తే అనలాగ్‌లో వచ్చినంత శుభ్రంగా రాదు. పక్కన అనలాగ్ ఒకటి ఉండాలన్నది అందుకే. ఎఫ్ఎం పిచ్చి ఉంటే ఎస్‌టీఓ, లేకపోతే డోప్ఫర్. మ్యూటబుల్ కంపెనీ 2022లో మూతపడింది కానీ డిజైన్ ఓపెన్ సోర్స్ కాబట్టి వేరేవాళ్లు చేసిన ప్లెయిట్స్ దొరుకుతున్నాయి.

కర్ణాటక సంగీతం వాయించేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. షడ్జం నుంచి తారా షడ్జానికి వెళ్లాలంటే ఆసిలేటర్‌కి ఇచ్చే వోల్టేజీ సరిగ్గా 1 వోల్టు పెరగాలి. కీబోర్డు లెక్కలో అంతర గాంధారం 0.333 వోల్టు. తంబురాలో పలికే గాంధారం 5/4 నిష్పత్తి, అంటే 0.322. తేడా 11 మిల్లీవోల్టులే కానీ చెవికి 14 సెంట్లు, తంబురా మోగుతుంటే దాచలేం. అందుకే పన్నెండు మెట్లకి బిగించే క్వాంటైజర్ మధ్యలో పెట్టకండి. వోల్టేజీ నేరుగా వెళితే గమకం కూడా సాఫీగా జారుతుంది.

ఏది కొన్నా ట్రాకింగ్, అంటే వోల్టుకి ఒక స్థాయి చొప్పున శ్రుతి సరిగ్గా పెరుగుతోందా అన్నది, చూడండి. 130.8 దగ్గర శ్రుతి చేసి 3 వోల్టులు కలిపితే ట్యూనర్ యాప్‌లో 1046.5 రావాలి. 1040 చూపిస్తే 11 సెంట్లు తగ్గినట్టే. చాలా అనలాగ్ మాడ్యూళ్లకి వెనక చిన్న ట్రిమ్మర్ ఉంటుంది, మాన్యువల్ చదివి మెల్లగా తిప్పండి. పవర్ కేబుల్ ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపు ఉండాలి, స్విచ్ వేసే ముందు రెండుసార్లు చూసుకోండి.

తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిసి ధర బాగానే పెరుగుతుంది. కాబట్టి ముందు కంప్యూటర్‌లో నడిచే మాడ్యులర్ సింథ్ వీసీవీ ర్యాక్ డౌన్‌లోడ్ చేసుకోండి, ఉచితం. అందులో ఆడిబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ మాక్రో ఆసిలేటర్ 2 అని ఉంటుంది, అది ప్లెయిట్సే. కొన్ని వారాలు దాంతో వాయించాక కూడా చెయ్యి దాని మీదికే వెళుతుంటే అప్పుడు డబ్బు తియ్యండి. సెకండ్ హ్యాండ్‌లో అనలాగ్ తీసుకుంటుంటే, ఇందాకటి 3 వోల్టుల పరీక్ష వీడియో తీసి పంపమని అమ్మేవాళ్లని అడగండి. కుదరదంటే ఇంకోటి చూసుకోండి.