వంపులకు చిత్రిక పట్టే రందాలు: ఏది కొనాలె, ఏది చేసుకోవాలె

నమస్తే. ఇయ్యాల బల్ల మీద మూడు పనిముట్లు పెట్టినం. మూడూ వంపు చెక్కకు రందా పట్టేటియే. ఒకటి, అడుగు రేకు వంగే ఇనుప సర్క్యులర్ ప్లేన్. రెండోది, గుండ్రటి అడుగున్న స్పోక్‌షేవ్, అంటే రెండు పక్కల పిడులున్న చిన్న రందా. మూడోది, కట్టెతోని మనమే చేసుకునే వంపు రందా. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి, గద్వాల దిక్కు కమాను దర్వాజలు, ఊయలలు, వంపు వీపు కుర్చీలు, బండి పూటీలు (బండి చక్రం అంచు వంపు ముక్కలు) చేసేటోళ్లను మనసుల పెట్టుకొని ఈ రివ్యూ చేస్తున్నం.

తీర్పు ముందే చెప్తం. మొదట కొనాల్సింది స్పోక్‌షేవ్. ఒకే వంపు మళ్లీ మళ్లీ చేసే పనైతే కట్టె రందా చేసుకోవాలె. ఇనుప సర్క్యులర్ ప్లేన్ కొనాల్సింది నెల నెలా వేరు వేరు వంపులు, అదీ పెద్ద వంపులు, చేసేటోళ్లు మాత్రమే. ఈ తేడా తెల్వక చాలామంది ముందే ఖరీదైన దానికి పోతరు.

అసలు మీకు వంపు రందా అవసరమా? బయటి వంపుకు, అంటే ఉబ్బెత్తు వైపుకు, చాలా వరకు మామూలు చదును రందానే పనిచేస్తది. కమాను పై అంచును చిన్న రందాతోని వంపు వెంబడి తిప్పుకుంట పోతే నున్నగ వస్తది. చదును రందా ఓడిపోయేది లోపలి వంపుల. అక్కడ రందా ముందు కొస, వెనక కొస చెక్కకు ఆనుతయి, కత్తి గాలిల ఉంటది. అందుకే లోపలి వంపు పని ఎంత ఉన్నదో లెక్క చూసుకొని, తర్వాతనే పైసలు తీయుండ్రి.

ఆ వంపు ఎంతదో కొలిచే పద్ధతి చెప్తం, ఇది అన్నిటికీ పనికొస్తది. మూడు అడుగుల, అంటే 36 ఇంచుల వెడల్పు దర్వాజ మీద 6 ఇంచులు లేచిన కమాను అనుకుందాం. వెడల్పుల సగం 18. 18ని 18తోని గుణిస్తే 324. దాన్ని లేచిన ఎత్తు 6తోని భాగిస్తే 54. దానికి మళ్లీ 6 కలిపితే 60. అందుల సగం 30. ఆ కమాను వ్యాసార్ధం 30 ఇంచులు. అదే సగం చక్రం లెక్క పూర్తి గుండ్రటి కమానైతే వ్యాసార్ధం 18 ఇంచులే. ఈ రెండు అంకెల నడుమ రందాకు చాలా తేడా ఉన్నది. 10 ఇంచుల పొడుగు అడుగు రేకు 30 ఇంచుల వంపుకు వంగాలంటే కొసలు సుమారు 11 మిల్లీమీటర్లు లేవాలె. 18 ఇంచుల వంపుకైతే 18 మిల్లీమీటర్లు లేవాలె.

ఇగ ఇనుప సర్క్యులర్ ప్లేన్. పాత సరుకుల మీకు ఎక్కువ వినిపించే పేర్లు స్టాన్లీ 113, స్టాన్లీ 20, ఇంగ్లండ్ షెఫీల్డ్‌ల తయారైన రికార్డ్ 020. ఈ 20 నంబరు, రందాలు తయారు చేసిన అమెరికా ఆయన లియొనార్డ్ బెయిలీ విక్టర్ పేరుతో తెచ్చిన నమూనా నుంచి వచ్చింది. జర్మనీల కున్జ్ కంపెనీ 113 నమూనా పోత పోసింది. స్టాన్లీ ఈ రకం చేసుడు ఎన్నడో బంద్ చేసింది కాబట్టి దాని పేరుతో దొరికేదంతా పాతదే.

పనితనం ఇట్ల ఉంటది. అడుగున పల్చటి స్టీలు రేకు. పైన పెద్ద మర ఉంటది, దాన్ని తిప్పితే రేకు ఒకసారి ఉబ్బెత్తుగ, ఇంకో దిక్కు తిప్పితే లోతుగ వంగుతది. 20 నంబరుల రెండు కొసల చేతులు పళ్ల చక్రాలతోని ముడిపడి ఉంటయి, రెండు దిక్కులా సమానంగ కదులుతయి. కత్తి వెడల్పు ఇంచుముప్పావు, అంటే 44 మిల్లీమీటర్లు. మూడో నంబరు మామూలు రందా కత్తి కూడ ఇంతే వెడల్పు. అయినా ఆ కత్తి తెచ్చి వేసే ముందు దాని క్యాప్‌తోని (కత్తి మీద బిగించే రేకుతోని) కలిపి పెట్టి చూడాలె, గాడి ఎక్కడున్నదన్నది కుదరాలె.

దీనిల అందరూ తప్పే చోటు ఒకటున్నది. రేకు వంపును చెక్క వంపుకు సరిగ్గ సమానంగ పెడతరు. లోపలి వంపుల రేకు వంపు కొంచెం బిగుతుగ ఉండాలె. కమాను వ్యాసార్ధం 30 ఇంచులైతే రందాను 28కి పెట్టుండ్రి. కొంచెం వెడల్పుగ, అంటే 32కి పోయినా సరే, కొసలే ఆనుతయి, మీరు కత్తిని దించుకుంట పోతరు, ఒక్కసారిగ మందపు పొట్టు లేసి చెక్క చిరుగుతది. బయటి వంపుకు ఇది తలకిందులు, రేకు లోతు చెక్క వంపు కన్నా కొంచెం వెడల్పుగ ఉండాలె. కంటి అంచనాతోని పెట్టొద్దు. 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద 28 ఇంచుల దారంతోని గీత గీసి, కోసి, ఆ ఫర్మాను రేకుకు ఆనించి మర తిప్పుండ్రి.

వంపు మార్చినప్పుడల్లా ముందు కత్తిని లోపలికి తీసుకోవాలె, తర్వాత కొత్తగ దించాలె. రేకు ఉబ్బితే నోరు, అంటే అడుగుల కత్తి బయటికొచ్చే సందు, కొంచెం తెరుచుకుంటది, లోతుగ వంగితే మూసుకుంటది. పాత లోతు కొత్త వంపుకు నడవదు.

ఈ రకం మీద మా ఫిర్యాదు ఒక్కటే, అది అదురు. పల్చటి రేకు, దాని మీద కత్తికి ఆధారం తక్కువ. తుమ్మ, నల్లమద్ది అసొంటి గట్టి కట్టె మీద లోతు పెడితే గడగడ కొట్టుకొని చెక్క మీద అడ్డ గీతలు పడతయి. దీనికి మందు మూడు పనుల ఉన్నది. క్యాప్‌ను కత్తి అంచుకు అర మిల్లీమీటరు దూరం దాకా తేవాలె. పొట్టు కాగితం కన్నా మందం కావొద్దు. నార మెలి తిరిగిన కట్టెకు కత్తి చదును ముఖానికి కూడ 5 డిగ్రీల చిన్న వాలు పెట్టి పదును పట్టాలె. మామూలు 45 డిగ్రీల కోత 50 అయితది, చీలుడు తగ్గుతది, తోసుడు కొంచెం బరువైతది. ఇంకో మాట, టేకుల ఇసుకలాంటి సిలికా ఉంటది కాబట్టి అంచు తొందరగ మొద్దుబారుతది. టేకు మీద రందా అదురుతున్నదంటే మొదట పదును చూడుండ్రి, తర్వాతనే మరలు తిప్పుండ్రి. 12 ఇంచుల కన్నా తక్కువ వ్యాసార్ధానికి మేమైతే ఈ రందా వాడమని చెప్పం. అంత వంచితే రేకు నోటి దగ్గర మడత పడే ప్రమాదముంటది, ఒకసారి మడత పడ్డ రేకు మళ్లీ గుండ్రంగ రాదు.

స్పోక్‌షేవ్‌కు వస్తే, 151 నమూనా అందరూ నకలు చేసేదే. రెండు చేతి పిడులు, నడుమ 54 మిల్లీమీటర్ల కత్తి, దాని మీద రెండు చిన్న మరలు. ఇదే చదును అడుగుతోని ఒకటి, గుండ్రటి అడుగుతోని ఒకటి దొరుకుతది. కొనేటప్పుడు గట్టిగ అడుగుండ్రి, చాలా దుకాణాలు చదునుదే ఇస్తయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌ల హార్డ్‌వేర్ దుకాణాల అడగొచ్చు, గ్రోజ్ అసొంటి మన దేశపు కంపెనీలవి ఆన్‌లైన్‌ల కూడ ఉన్నయి.

కొత్తది డబ్బా తీసి నేరుగ చెక్క మీద పెడితే నిరాశే మిగులుతది. కత్తి ఆనే చోట రంగు మందంగ పూసి ఉంటది, కింద పోత ఎగుడు దిగుడుగ ఉంటది. కత్తి తీసి, ఆ చోటు రంగు గీకి, సన్నటి చదును ఆకురాయితోని నాలుగు మూలలూ ఆనేదాకా రాయాలె. కత్తి వెనక ముఖం అంచు దగ్గర 10 మిల్లీమీటర్ల మేర అద్దం మీద అతికిన నీళ్ల ఉప్పుకాగితంతోని, 400 నుంచి మొదలుపెట్టి 800, 1200, 2000 దాకా చదును చేయాలె. కత్తి పొట్టిగ ఉంటది, వేళ్లతోని కోణం నిలువదు. 6 ఇంచుల కట్టె ముక్కకు రంపంతోని గాటు పెట్టి, కత్తిని అందుల ఇరికించి పట్టుకుంటే 30 డిగ్రీలు సక్కగ వస్తది. నోరు మరీ పెద్దగుంటే కత్తి వెనక పల్చటి ఇత్తడి రేకు ముక్క పెట్టుండ్రి, కత్తి ముందుకు జరిగి నోరు తగ్గుతది.

గుండ్రటి అడుగుకు ఆనుకునే చోటు గీతంత సన్నం. అందుకే మొదటి రోజు ఎవరికైనా ఇది జారుతది, లేదంటే లోతుకు దిగి ఆగుతది. కత్తిని చెక్కకు ఆనకుండ పెట్టి, తోస్తనే మణికట్టును కొంచెం కొంచెం ముందుకు వంచుండ్రి, పొట్టు మొదలైన చోట ఆ కోణం పట్టుకోవాలె. బొటనవేళ్లు పిడుల మీద కాదు, కత్తి పక్కన వెనక దిక్కు ఉండాలె. రెండు మరలను కొంచెం ఎక్కువ తక్కువ తిప్పి కత్తిని వాలుగ పెడితే, ఒక దిక్కు మందపు పొట్టు, ఇంకో దిక్కు సన్నపు పొట్టు వస్తది. గరుకు పని ఒక కొసతోని, నున్న పని ఇంకో కొసతోని చేసుకోవచ్చు, మర ముట్టే పని లేదు.

దీని లోపం కూడ చెప్పాలె. పొట్టి అడుగు కాబట్టి పొడుగు వంపుల ఇది చెక్క చెప్పినట్ల పోతది, గుంటల దిగుతది, మిట్ట ఎక్కుతది. మూడు అడుగుల కమాను లోపలి అంచును ఒక్క స్పోక్‌షేవ్‌తోనే పూర్తి చేస్తే వెలుతురు పడ్డప్పుడు అలలు కనపడతయి. ఆ అలలను తీసేది పొడుగు అడుగున్న వంపు రందానే.

అందుకే మూడోది, మాకు ఇష్టమైనది, కట్టె రందా. దీనికి కావాల్సింది పాత రందా కత్తి, క్యాప్, బాగ ఆరిన తుమ్మ గానీ సండ్ర గానీ. పొడవు 8 ఇంచులు, ఎత్తు రెండున్నర ఇంచులు. దిమ్మెను నడుమ మూడు పలకలుగ నిలువుగ చీల్చాలె, రెండు పక్క పలకలు 10 మిల్లీమీటర్ల మందం, నడిమిది కత్తి వెడల్పు కన్నా 2 మిల్లీమీటర్లు ఎక్కువ. నడిమి ముక్కను రెండుగ కోయాలె: వెనక ముక్క కత్తి ఆనే వాలు 50 డిగ్రీలు, ముందు ముక్క పొట్టు పోయే వాలు 65 డిగ్రీలు. నోరు దాదాపు మూసి ఉండేటట్ల పక్క పలకలతోని అతికించి, కత్తికి పైన 12 మిల్లీమీటర్ల అడ్డ కడ్డీ వేసి, ఒక కొస సన్నగున్న మేకు చెక్కతోని కత్తి బిగించాలె.

అడుగు వంపు చివరికి తీయాలె. 18 ఇంచుల వ్యాసార్ధం కమాను కోసమైతే అడుగును 16 ఇంచుల వ్యాసార్ధానికి గీయుండ్రి, 8 ఇంచుల పొడుగు మీద రెండు కొసల 13 మిల్లీమీటర్లు తీయాల్సి వస్తది. నడుమ నోటి దగ్గర ముట్టొద్దు, అక్కడ ఎంత తీస్తే నోరు అంత వెడల్పవుతది. తీసేటప్పుడు కత్తి లోపలికి జరిపి, మేకు మాత్రం బిగించే ఉంచాలె, లేకపోతే బిగించినంక అడుగు వేరే రూపం పడతది. ఈ రందా గట్టి దిమ్మె కాబట్టి అదరదు, ఇనుప దానికన్నా నున్నగ కోస్తది. లోపం ఒక్కటే, ఒక వంపుకు ఒక రందా. చెక్కకు ఆనేది నోటి చుట్టే కాబట్టి అక్కడ అరుగుతది కూడ. కొవ్వొత్తి రుద్దుకుంట వాడుండ్రి. పాలమూరు ఎండకు పక్క పలకలు పగలొచ్చు, రేకుల షెడ్డు కింద కాకుండ నీడల పెట్టాలె.

ఇక మూడిటికీ ఒకే నియమం, నార. లోపలి వంపుల రెండు కొసల నుంచి కిందికి, నడిమి లోతు దిక్కు రావాలె. బయటి వంపుల నడిమి శిఖరం నుంచి కొసలకు దిగాలె. లోపలి వంపుల ఒక కొస నుంచి ఇంకో కొసకు ఒకే ఊపున తోస్తే, నడుమ దాటినంక ఎదురు నార తగిలి పొరలు లేస్తయి. రెండు దిక్కుల నుంచి వచ్చిన కోతలు కలిసే చోట నాలుగు వేళ్ల వెడల్పు మేర కొంచెం గరుకు ఉంటది, దాన్ని స్టీలు గీకుడు రేకుతోని తీయాలె. బండి పూటీలు చేసేటోళ్లకు ఇది మరీ ముఖ్యం, తుమ్మ నార ఒక్క ముక్కలనే రెండు సార్లు మారుతది.

రంపంతోని కోసేటప్పుడు గీత నుంచి 2 మిల్లీమీటర్లు వదలుండ్రి. గడ్డలు స్పోక్‌షేవ్‌తోని తీసి, ఆఖరు ఒక మిల్లీమీటరు వంపు రందాతోని తీయాలె. ప్రతి పది తోపులకు మూలమట్టం పెట్టి చూడాలె, వంపు సక్కగ వచ్చి అంచు ఒక దిక్కు వాలుడు చాలా పనులల్ల కనపడే లోపం. కుర్చీ పీట గిన్నె లెక్క రెండు దిక్కులా లోతైతే ఈ మూడిట్ల ఏదీ పనికిరాదు, అడుగు రెండు దిక్కులా ఉబ్బిన చిన్న రందా వేరే ఉంటది.

పాత ఇనుప రందా కొనేటోళ్లు, హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌ల చేతికి తీసుకొని చూసినా, ఆన్‌లైన్‌ల తెప్పించినా, ఇవి చూడుండ్రి. రేకును పూర్తిగ ఉబ్బెత్తు దాకా, పూర్తిగ లోతు దాకా తిప్పి, పక్క నుంచి చూస్తే నోటి దగ్గర విరుపు లేని గుండ్రటి గీత కనపడాలె. కొసల కీలు పిన్నులు ఊగొద్దు. పోత ఇనుముల సన్నటి చీలిక ఉన్నదా అని కిరోసిన్ గుడ్డతోని తుడిచి చూడాలె, చీలిక ఉంటే తడి గీత నిలుస్తది. కత్తి వెనక ముఖం అంచు దగ్గర తుప్పు గుంటలుంటే ఆ కత్తి లెక్కల లేనట్టే, దాని ధర తగ్గించి అడగాలె. ఆన్‌లైన్‌ల అయితే అమ్మేటాయనను మూడు ఫోటోలు అడుగుండ్రి: పూర్తిగ వంచిన రేకు పక్క నుంచి, నోరు కింద నుంచి, విప్పిన కత్తి వెనక ముఖం. ఆ మూడు పంపకపోతే ఆ బేరం వదలుండ్రి.