మీ కంప్యూటర్ దేనికోసం ఎదురుచూస్తోంది?

(చెన్నైలో తెలుగు కుటుంబాల ఆదివారం కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, తమ్ముళ్ళకు, పిల్లలకు నమస్కారం.

ఇంట్లో కంప్యూటర్ స్లో అయిందని ఎవరికైనా చెప్పండి, వెంటనే మూడు మాటలు వినిపిస్తాయి. "వైరస్ పట్టింది." "ఫార్మాట్ కొట్టాలి." "పాతదైపోయింది, కొత్తది తీసుకోండి." ఒక్కోసారి వీటిలో ఏదో ఒకటి నిజమే అవుతుంది. అయితే ఆ మాట అన్నవాళ్ళు మిషన్ తెరిచి, చూసి అన్నారా? చాలాసార్లు చూడరు. ఈ విషయమే నన్ను బాధపెడుతుంది. ఇంకా ఐదారేళ్ళు పనిచేయగల మిషన్లు పాత సామాను వాళ్ళకు పోతున్నాయి. ఫార్మాట్ పేరుతో పిల్లల చిన్నప్పటి ఫొటోలు చెరిగిపోతున్నాయి.

ఇవాళ నేను చెప్పేది ఒక్కటే. స్లో అయిన కంప్యూటర్ ఎక్కువసార్లు దేనికోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. అది ఫైళ్ళన్నీ దాచే డిస్క్ కావచ్చు, తెరిచిన పనులను తాత్కాలికంగా పెట్టుకునే ర్యామ్ కావచ్చు, ఇంటర్నెట్ కావచ్చు. లేదా వేడెక్కిపోయి తనంతట తానే వేగం తగ్గించుకుని ఉండొచ్చు. ఏదో తెలుసుకునేదాకా ఒక్క రూపాయి ఖర్చు పెట్టొద్దు, ఒక్క ఫైలు చెరపొద్దు.

ముందుగా ఒక చిన్న పరీక్ష. నెట్‌తో సంబంధం లేని పని ఏదైనా చేసి చూడండి. వర్డ్ ఫైలు తెరవండి, ఫొటోల ఫోల్డర్ తెరవండి. అవి చకచకా తెరుచుకుని, వీడియో కాల్ మాత్రం ఆగి ఆగి వస్తుంటే తప్పు కంప్యూటర్‌ది కాదు. రౌటర్ హాల్లో, మీరు వెనక గదిలో, మధ్యలో రెండు గోడలు ఉంటే వైఫై బలహీనపడుతుంది. లాప్‌టాప్ పట్టుకెళ్ళి రౌటర్ పక్కన కూర్చుని చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

రెండోది రీస్టార్ట్. "మేం రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా" అంటారు చాలామంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒక ఏర్పాటు ఉంది. అది పనిచేస్తున్న మిషన్లలో షట్‌డౌన్ నొక్కినా విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆరిపోదు. తన స్థితిని డిస్క్ మీద రాసుకుని, మర్నాడు అక్కడి నుంచే మొదలవుతుంది. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. మెషీన్ విచిత్రంగా ప్రవర్తిస్తుంటే ముందు రీస్టార్ట్ చేయండి, ఆ తర్వాతే మిగతా అనుమానాలు.

ఇక అసలు పనిముట్టు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. దీనికి డబ్బులు అక్కర్లేదు, ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, చూస్తే ఏదీ పాడవదు. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట సీపీయూ (అంటే లెక్కలన్నీ చేసే ప్రాసెసర్), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్ ఒక్కోటి ఎంత పనిలో ఉన్నాయో గీతలతో కనిపిస్తుంది. మిషన్ బాగా విసిగిస్తున్న సమయంలోనే దాన్ని తెరవాలి. అంతా బాగున్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు.

పాత మిషన్లలో ఎక్కువసార్లు కనిపించే దృశ్యం ఇది: సీపీయూ పది, ఇరవై శాతం దగ్గర తీరిగ్గా ఉంటుంది. డిస్క్ మాత్రం 100 శాతం. ఆ గీత కింద వేగం చూస్తే సెకనుకు ఒకటి, రెండు ఎంబీలే. పూర్తిగా పనిలో ఉంది, అయినా పని జరగడం లేదు! ఇది ఎలా కుదురుతుందో కాస్త వివరంగా చెబుతాను. ఇది అర్థమైతే మిగతాదంతా సులువు.

పాత హార్డ్ డిస్క్‌లో గ్రామఫోన్ ప్లేటు లాంటి పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక ముల్లు కదులుతూ ఉంటుంది. లాప్‌టాప్‌లలో సాధారణంగా ఆ పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90 సార్లు. ఒక్క చుట్టుకు సెకనులో వెయ్యోవంతులు 11 పడతాయి. కావలసిన ముక్క ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంటే ఐదున్నర. ముల్లు సరైన గాడికి చేరడానికి మరో పదో, పన్నెండో కలపండి. ఎంత చూసినా సెకనుకు అరవై డెబ్బై ముక్కలకు మించి ఏరుకోలేదు. సినిమా ఫైలు లాంటిది వరసగా ఒకేచోట ఉంటే సెకనుకు వంద ఎంబీ దాకా చదివేస్తుంది. కానీ విండోస్ మొదలవడానికి, బ్రౌజర్ తెరుచుకోవడానికి కావలసినవి వేల చిన్న చిన్న ముక్కలు, అవీ డిస్క్ అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. దానికి తోడు వెనకాల అప్‌డేట్ ఒకటి, యాంటీవైరస్ స్కాన్ ఒకటి నడుస్తుంటే ముల్లు అటూ ఇటూ పరుగెత్తడానికే సమయమంతా పోతుంది. ప్రాసెసర్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడి ఉంటుంది.

హార్డ్ డిస్క్‌కు బదులుగా వేసుకునే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది లేదు, కదిలేది లేదు. అంతా చిప్పుల్లోనే. సామాన్యమైన ఎస్‌ఎస్‌డీ కూడా ఇలాంటి చిన్న ముక్కల్ని సెకనుకు వేలల్లో అందిస్తుంది. అందుకే పాత కంప్యూటర్‌కు డబ్బు పెట్టదగిన మొదటి మార్పు ఏదంటే నేను మొహమాటం లేకుండా ఎస్‌ఎస్‌డీ అంటాను. మీ మిషన్‌లో ఇప్పటికే ఉందో లేదో తెలుసుకోవడానికీ టాస్క్ మేనేజర్ చాలు. విండోస్ 10 కొత్త వెర్షన్లలోనూ, విండోస్ 11లోనూ డిస్క్ పేరు కిందే ఎస్‌ఎస్‌డీనా, హెచ్‌డీడీనా (అంటే పాత హార్డ్ డిస్కా) అన్నది రాసి ఉంటుంది.

మా పెరంబూరులో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు. తెలుగులో ఉత్తరాలు, వ్యాసాలు టైపు చేసుకుంటారు. కంప్యూటర్ ఆన్ చేసి, వెళ్ళి స్నానం, పూజ ముగించుకుని వచ్చి కూర్చునేవారు. మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనండని ఒక దుకాణంలో చెప్పారట. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే డిస్క్ 100 శాతం. ఎస్‌ఎస్‌డీ వేశాక అరనిమిషంలో తెర వస్తోంది. ప్రాసెసర్ అదే, మదర్‌బోర్డు అదే, ర్యామ్ అదే. ఆయన మళ్ళీ రోజూ రాసుకుంటున్నారు. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే.

అయితే ఒక హెచ్చరిక. డిస్క్ స్లో అవడం ఒక్కోసారి అది పోబోతోందనడానికి గుర్తు. పాడైన చోటును పదే పదే చదవడానికి ప్రయత్నిస్తూ మిషన్ బిగుసుకుపోతుంది. లోపల టక్ టక్ మని చప్పుడు వస్తుంటే ఇక ఆలోచించకండి. డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే స్మార్ట్ అనే ఏర్పాటు ఉంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం దాన్ని చదివి చూపిస్తుంది. నీలం రంగులో గుడ్ అని ఉంటే సరే. పసుపు రంగులో కాషన్ అని వచ్చిందంటే వేగం సంగతి పక్కన పెట్టి, పెళ్ళి ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్లు, వెళ్ళిపోయిన పెద్దవాళ్ళ గొంతులున్న రికార్డింగులు ఆ రోజే వేరేచోటికి కాపీ చేసుకోండి. డిస్క్ బజారులో దొరుకుతుంది. అమ్మ గొంతు దొరకదు.

ఇక ర్యామ్. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. మామూలు పనుల్లోనే 85, 90 శాతం దాటి ఉంటోందా? అప్పుడు విండోస్ చోటు చాలక కొంత సమాచారాన్ని డిస్క్ మీదికి దించుతుంది, అవసరమైనప్పుడు మళ్ళీ తెస్తుంది. ఆ డిస్క్ పాతదైతే రెండు కష్టాలూ కలిసొస్తాయి. 4 జీబీ ఉన్న మిషన్లలో బ్రౌజర్‌లో పది పన్నెండు ట్యాబ్‌లు తెరిస్తే జరిగేది ఇదే. 8 జీబీ అయితే ఇంటి పనులకు ఊపిరి ఆడుతుంది. అదే పేజీలో ర్యామ్ బిగించే స్లాట్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని వాడుతున్నారో కూడా కనిపిస్తుంది. కొనేముందు మీ ర్యామ్ రకం డీడీఆర్3నా, డీడీఆర్4నా చూసుకోవాలి, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. పల్చటి లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, వాటికి పెంచే దారి ఉండకపోవచ్చు.

డబ్బు పెట్టకుండా అయ్యే పనులు త్వరగా చెప్పేస్తాను. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ అని ఉంటుంది. మిషన్ తెరవగానే మీకు అక్కర్లేనివి ఏవి లేస్తున్నాయో చూసి డిజేబుల్ చేయండి. అవి తొలగిపోవు, పిలిస్తేనే వస్తాయి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. మన ఇళ్ళలో పనులకు విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు. సీ డ్రైవ్ నిండిపోతే సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్ళి టెంపరరీ ఫైల్స్ చెరపండి, కానీ ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్ పెట్టేముందు లోపల ఏముందో చూసుకోండి. ఎస్‌ఎస్‌డీకి డీఫ్రాగ్, అంటే చెల్లాచెదురైన ముక్కల్ని ఒకచోటికి చేర్చడం, అక్కర్లేదు, దానికి కావలసిన సర్దుబాటు విండోసే చేసుకుంటుంది.

చెన్నైలో ఉన్నాం కాబట్టి వేడి గురించి చెప్పక తప్పదు. మే మొదటి వారంలో కత్తిరి ఎండలు మొదలయ్యేసరికి "పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం హ్యాంగ్ అవుతుంది" అన్న ఫోన్లు వస్తాయి. వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం. చాలా లాప్‌టాప్ ప్రాసెసర్లకు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర హద్దు ఉంటుంది. అక్కడికి చేరగానే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. గదే 36 డిగ్రీలుంటే, ఫ్యాన్ రెక్కల్లో ఏళ్ళనాటి దుమ్ము ఉంటే, లాప్‌టాప్ పరుపు మీద పెట్టి గాలి దారి మూసేస్తే ఆ హద్దు ఎంతో దూరంలో ఉండదు. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ దగ్గర స్పీడ్ చూడండి. భారమైన పనిలో కూడా, పక్కనే రాసి ఉన్న బేస్ స్పీడ్ కన్నా బాగా కిందికి పడిపోతుంటే ముందు వేడిని అనుమానించండి. గట్టి బల్ల మీద పెట్టండి, దుమ్ము తీయించండి, చాలా ఏళ్ళయితే ప్రాసెసర్ మీద పూసే థర్మల్ పేస్ట్ మార్పించండి. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క ఇళ్ళలో ఉప్పుగాలికి ర్యామ్ అంచులు మసకబారుతాయి. ఉన్నట్టుండి ఆగిపోయే డెస్క్‌టాప్‌లు కొన్ని ఆ అంచులు శుభ్రం చేసి మళ్ళీ బిగించగానే కుదుటపడతాయి.

కొన్నిటి జోలికి మాత్రం వెళ్ళొద్దు. మీ కంప్యూటర్‌ను పదింతలు వేగం చేస్తామనే ప్రోగ్రాములు, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే రిజిస్ట్రీ క్లీనర్లు వేయకండి. మైక్రోసాఫ్ట్ కూడా రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని సమర్థించదు. తెర మీద ఎర్రగా వైరస్ అని వచ్చి ఒక ఫోన్ నంబరు కనిపిస్తే ఆ నంబరుకు చేయకండి. ఎవరో ఫోన్ చేసి, మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే రిమోట్ యాప్ వేయమంటే, ఎంత మర్యాదగా అడిగినా సరే, వెంటనే ఫోన్ పెట్టేయండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకే ఈ ఫోన్లు ఎక్కువ ప్రమాదం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడాల్సింది మోసపోయినవాళ్ళు కాదు.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్ళలో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు మిషన్‌లో ఉండాలి, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసరో, ఆ తర్వాతదో ఉండాలి. అది లేనంత మాత్రాన మిషన్‌ను పారేయకండి. విండోస్‌కు బదులుగా వేసుకోగల లినక్స్ మింట్ ఉచితం. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, నచ్చితేనే వేసుకోవచ్చు. తెలుగు చక్కగా కనిపిస్తుంది, టైపు చేయవచ్చు. బ్యాంకు పనులు, వీడియోలు, ఉత్తరాలు అన్నీ బ్రౌజర్‌లోనే అయ్యే ఇంటికి అది చాలు. తమిళనాట 2011లో మొదలైన ఉచిత లాప్‌టాప్ పథకంలో వచ్చిన మిషన్లు మన పిల్లల అలమారాల్లో ఇంకా ఉన్నాయి. వాటిని కూడా ఓసారి ఇలా నడిపి చూడండి.

చివరగా, కంప్యూటర్ సామాను దుకాణాలున్న రిచీ స్ట్రీట్‌కు వెళ్ళేవాళ్ళకు. లాప్‌టాప్ అడుగున ఉండే మోడల్ నంబరు, టాస్క్ మేనేజర్‌లోని మెమరీ, డిస్క్ పేజీలు ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్ళండి. మౌంట్ రోడ్డు నుంచి లోపలికి తిరగగానే పిలిచే మొదటి దుకాణంలోనే కొనక్కర్లేదు, నాలుగు చోట్ల అడగండి. వారంటీ రాసి ఉన్న బిల్లు తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే పాత డిస్క్‌ను అక్కడ వదలకుండా ఇంటికి తెచ్చుకోండి, అందులో మీ జీవితమంతా ఉంటుంది. వెళ్ళేముందు మరొక్క పని. కొన్ని లాప్‌టాప్‌లలో డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటుంది. లోపల మార్పులు చేశాక అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో చూసి ఆ అంకెలు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. అది లేకపోతే లోపలి ఫైళ్ళను ఎంతటి మెకానిక్ అయినా తిరిగి తేలేడు.

లాప్‌టాప్‌లు తెచ్చినవాళ్ళు ముందుకు రండి. ప్లగ్ పాయింట్లు ఎడమ గోడ దగ్గర ఉన్నాయి. తెరవగానే ఏదీ ముట్టుకోకుండా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి. డిస్క్ 100 శాతం చూపిస్తున్నవాళ్ళ దగ్గరికి ముందు వస్తాను.