ఊరికే వచ్చే ఒక పాయింటు: టొరంటో వర్సిటీ బ్లూస్ కథ

అందరికీ నమస్కారం. పెద్దలకూ, వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకూ.

నేను ఆటగాణ్ణి కాదు, కోచ్‌నీ కాదు. చిన్నప్పుడు చెడుగుడు ఆడాను, అదీ కూతకు ఊపిరి చాలక మానేశాను. టొరంటో వచ్చిన కొత్తలో ఓ అక్టోబరు శనివారం మావాడు బలవంతం చేస్తే బ్లూర్ స్ట్రీట్ మీదున్న వర్సిటీ స్టేడియానికి కెనడా ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్లాను. అమెరికా ఫుట్‌బాల్‌కు దగ్గరి చుట్టం ఇది. ఫ్లాస్కులో టీ, మెడకు మఫ్లరు. నీలం చొక్కాలవాళ్లలో, అంటే టొరంటో విశ్వవిద్యాలయం జట్టు వర్సిటీ బ్లూస్‌లో, ఒకడు బంతిని గాల్లోకి తన్నాడు. అది అవతలి జట్టు గీత దాటి చివరి జాగాలో పడింది. అవతలివాడు పట్టుకున్నాడు, బయటికి తేలేక అక్కడే దొరికిపోయాడు. పక్కనున్న ముసలాయన చప్పట్లు కొట్టాడు. బోర్డు మీద ఒక పాయింటు పెరిగింది.

“అదేంట్రా, గోలు కొట్టలేకపోయినందుకు పాయింటా?” అన్నాను. మావాడికీ తెలియదు. ముసలాయన నా ముఖం చూసి “రూజ్” అన్నాడు. ఆ ముక్క పట్టుకుని ఇంటికెళ్లి చదవడం మొదలుపెట్టాను. ఇవాళ మీ ముందు నిలబడటానికి ఆ ఒక్క పాయింటే కారణం.

మన చెడుగుడులో బోనస్ గీత ఉంది కదా. ఎవర్నీ తాకకపోయినా, ఆ గీత దాటి కాలు పెట్టి వస్తే ఒక పాయింటు. ఈ రూజూ ఆ కోవలోదే. బంతిని వాళ్లింట్లోకి తోశాం, వాళ్లు గడప దాటి బయటికి రాలేకపోయారు, కాబట్టి ఒకటి మనది. అమెరికా ఫుట్‌బాల్‌లో ఇది లేదు. అక్కడ పది గజాలు సాగడానికి నాలుగు ప్రయత్నాలిస్తారు, ఇక్కడ మూడే. అక్కడ పదకొండు మంది, ఇక్కడ పన్నెండు. మైదానం కూడా ఇక్కడ పెద్దది, 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు. మూడే ప్రయత్నాలు కాబట్టి బంతిని తన్నడం ఎక్కువ. తన్నడం ఎక్కువైన చోట ఆ ఒక్క పాయింటుకు విలువ ఎక్కువ.

ఈ ఆట ఎక్కడ మొదలైందని వెతుక్కుంటూ పోతే మళ్లీ అదే విశ్వవిద్యాలయం ముందుకొస్తాం. 1861 నవంబరు 9న టొరంటో యూనివర్సిటీ కాలేజ్ ఆవరణలో విద్యార్థులు ఆడినదే కెనడాలో నమోదైన తొలి ఫుట్‌బాల్ ఆట అంటారు. అందులో ఆడిన విలియం మ్యూలాక్ తర్వాత్తర్వాత అదే విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ అయ్యాడు. అప్పటి ఆట రగ్బీకి తమ్ముడు. గుంపుగా తోసుకోవడం, బంతిని కాలితో వెనక్కి నెట్టడం. 1903లో వచ్చిన నిబంధనలు దాని రూపురేఖలు మార్చేశాయి. జట్టుకు పన్నెండు మంది, మూడు ప్రయత్నాల్లో పది గజాలు, మధ్యవాడు బంతిని వెనక్కి అందించడం. వాటిని బర్న్‌సైడ్ నిబంధనలంటారు. థ్రిఫ్ట్ బర్న్‌సైడ్ టొరంటో విశ్వవిద్యాలయం జట్టుకు కెప్టెన్. అవి ఆయన బుర్రలో పుట్టినవి కావని చరిత్రకారులంటారు. పుట్టించింది ఎవరైనా, పేరు మటుకు ఆయనదే నిలిచింది. అంటారియో లీగు వెంటనే ఒప్పుకుంది గానీ, దేశమంతటా పన్నెండు మంది లెక్క కుదరడానికి 1921 దాకా పట్టింది. పంచాయతీ ఎక్కడైనా పంచాయతీయే.

ఇక దేశ విజేతకిచ్చే గ్రే కప్ సంగతి. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. గవర్నర్ జనరల్ ఎర్ల్ గ్రే హాకీకి కప్పు ఇద్దామనుకున్నాడు. ఈలోగా మాంటెగ్యూ ఆలన్ అనే పెద్దమనిషి హాకీకి తన కప్పు ఇచ్చేశాడు. సరే, మిగిలింది ఫుట్‌బాల్ కదా అని గ్రే తన కప్పు దానికి ఇచ్చాడు. 1909 డిసెంబరు 4న టొరంటో రోజ్‌డేల్ మైదానంలో మొదటి గ్రే కప్ పోటీ జరిగింది. చూసినవాళ్లు 3,807 మంది. విశ్వవిద్యాలయం జట్టు పార్క్‌డేల్ క్లబ్బు మీద 26-6తో గెలిచింది. హ్యూ గాల్ అనే విద్యార్థి ఆ రోజు తన్నులతోనే ఎనిమిది సార్లు ఒక్కొక్క పాయింటు తెచ్చాడు. ఎనిమిది రూజులు! వందేళ్లు దాటినా గ్రే కప్‌లో ఆ రికార్డు అలాగే ఉంది.

గెలిచారు సరే, కప్పు ఏది? తయారు కాలేదు. చేయించమని ఎవరూ చెప్పలేదట! ఆఖరికి గవర్నరుగారికి గుర్తుచేసి చేయిస్తే, 48 డాలర్ల వెండి కప్పు 1910 మార్చిలో చేతికొచ్చింది. అంటే పెళ్లయిన మూడు నెలలకు తాళిబొట్టు వచ్చిందన్నమాట.

1910లో హామిల్టన్ టైగర్స్ మీద 16-7, 1911లో టొరంటో ఆర్గొనాట్స్ మీద 14-7. వరసగా మూడు. ఆ తర్వాత చిత్రం చూడండి. 1912లో హామిల్టన్ అలర్ట్స్, 1913లో హామిల్టన్ టైగర్స్ విజేతలయ్యారు. కానీ విద్యార్థులు కప్పు వదల్లేదు. “మమ్మల్ని ఓడించి పట్టుకెళ్లండి, మేమింకా ఓడలేదుగా” అన్నది వాళ్ల వాదన. 1914లో ఆర్గొనాట్స్ చేతిలో 14-2తో ఓడాకే కప్పు చేతులు మారింది. టైగర్స్‌కు కడుపుమంట చల్లారలేదేమో, 1915లో తాము గెలవగానే కప్పు మీద తమకు 1908 విజయం కూడా చెక్కించుకున్నారు. 1908లో ఆ కప్పే లేదు! మన ఊళ్లో శిలాఫలకాల మీద పేర్ల కోసం జరిగే గొడవలు మీకు గుర్తొస్తే తప్పు నాది కాదు.

1920లో మరోసారి ఆర్గొనాట్స్ మీద 16-3తో గెలిచారు. అదే వాళ్ల నాలుగో గ్రే కప్, చివరిది కూడా. 1930లలో విశ్వవిద్యాలయాలు ఆ పోటీ నుంచి తప్పుకున్నాయి. ఆట డబ్బున్న క్లబ్బుల చేతికి పోయింది. ఆటకు నిబంధనలు దిద్దినవాళ్లు, కప్పు మొదట ఎత్తినవాళ్లు ప్రేక్షకుల వరసలోకి వచ్చేశారు. వాళ్ల సొంత మైదానంలోనే మిగతావాళ్లు గ్రే కప్‌లు ఆడుకున్నారు. 1950లో ఆ మైదానం బురదలో జరిగిన ఫైనల్‌కు ‘మడ్ బౌల్’ అనే పేరే పడింది.

విద్యార్థుల జట్లకు తమదంటూ ఒక కప్పు 1965లో వచ్చింది, వానియే కప్. వర్సిటీ స్టేడియంలోనే జరిగిన తొలి ఫైనల్లో బ్లూస్ ఆల్బర్టాను 14-7తో ఓడించారు. అంటే రెండు జాతీయ కప్పులకూ మొదటి విజేత ఈ జట్టే. తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు ఆ కప్పు మళ్లీ ఇంటికి రాలేదు. 1992లో డబ్బుల్లేవని జట్టునే ఎత్తేద్దామనుకున్నారు. పాత విద్యార్థులు చందాలు పోగేసి నిలబెట్టారు. మరుసటి ఏడాది, 1993లో, కాల్గరీ మీద 37-34తో వానియే కప్ గెలిచారు. సినిమా అయితే ఇక్కడే శుభం కార్డు పడేది.

పడలేదు. 2001 అక్టోబరులో ఒక మ్యాచ్ గెలిచారు. ఆ సీజన్‌లో మిగిలిన ఒక్కటీ ఓడారు. 2002 నుంచి 2007 దాకా ఆరు సీజన్లు, సీజన్‌కు ఎనిమిది మ్యాచ్‌లు, అన్నీ ఓటమే. లెక్క వేసుకోండి, 49. కెనడా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్‌లో అదో రికార్డు. మధ్యలో 2002లో పాత స్టేడియాన్ని కూలగొట్టారు. ఇరవై వేల పైచిలుకు మంది కూర్చునే చోట 2007 నాటికి ఐదు వేల సీట్లది లేచింది.

నన్నడిగితే ఆ మూడు కప్పుల కాలం కన్నా ఈ ఆరేళ్లే ఆసక్తికరం. 2003లో చేరి 2007లో డిగ్రీ పుచ్చుకుని వెళ్లిన కుర్రాడిని ఊహించండి. ఉదయాన్నే లేచి సాధన, సాయంత్రం లైబ్రరీ, శనివారం ఓటమి. ఒక్క గెలుపూ చూడకుండానే చొక్కా మడిచి ఇచ్చేసి వెళ్లిపోయాడు. అయినా ఏటా ఆగస్టులో కొత్తవాళ్లు వచ్చి చేరుతూనే ఉన్నారు.

2008 సెప్టెంబరు 1న వాటర్లూ మీద గెలిచారు. స్కోరు 18-17. తేడా ఎంతో చూశారుగా, ఒకటి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. శనివారం ఆటకు వచ్చేవాళ్లు సెయింట్ జార్జ్ స్టేషన్‌లో దిగితే నడిచే దూరమే. దుప్పటి మర్చిపోకండి, టీ నేను తెస్తాను.