ఒంట్లో బాగోలేదని ఎవరితో చెప్పుకోవాలి?

శ్రోతలకు నమస్కారం. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకి తెలుసు, జ్వరం కన్నా జ్వరమొచ్చిందని సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి చెప్పడమే పెద్ద టెన్షన్. "నిన్న బాగానే ఉన్నావుగా" అంటాడు. దానికేం చెప్తాం?

నేను ఒకప్పుడు బస్తాలు నింపే సెక్షన్లో చేసేవాణ్ణి. మా లైన్లో నెలకి నలుగురైదుగురు నడుంనొప్పితో సిక్ లీవు పెట్టేవాళ్ళు, ఆఫీసువాళ్ళ లెక్కలో అందరం దొంగలమే, అందులోనూ సోమవారం రానివాళ్ళం మరీనూ. కార్మికుల తరఫున ఫ్యాక్టరీ సేఫ్టీ కమిటీలో కూర్చునే అక్క ఒకావిడ ఉండేది. ఓ రోజు హాజరు పుస్తకం తెప్పించుకుని, పేర్లు వదిలేసి, ఎవరు ఏ లైనో చూసుకుంటూ పోయింది. నడుంనొప్పులన్నీ మా లైన్‌వే. పాతిక కిలోల బస్తాని నేలమీంచి వంగి ఎత్తాల్సింది కూడా ఒక్క మేమే. మీటింగులో ఆవిడ అడిగింది ఒక బల్ల, అంతే. అది రావడానికి ఆర్నెల్లు పట్టిందనుకోండి.

నడుంనొప్పి లీవులు తగ్గాయి. జ్వరం లీవులు మాత్రం పెరిగాయి! ఎందుకంటే ఈఎస్ఐ, అదే కార్మికుల ఆరోగ్య బీమా, సంగతి మాకు విడమరిచి చెప్పింది కూడా ఆవిడే: చందా సరిగ్గా పడుతుంటే, డాక్టర్ సర్టిఫికెట్ మీద జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుందని, మొదటి రెండు రోజులకి మామూలుగా రాదని, ఆ డబ్బు తీసుకుంటున్న రోజుల్లో ఉద్యోగంలోంచి తీసేయకూడదని. అప్పటిదాకా ఒళ్ళు కాలిపోతున్నా వచ్చి మిషన్ పట్టుకుని నిలబడి, పక్కవాడికీ అంటించేవాళ్ళం. అందుకే లీవులు పెరిగాయంటే చెడ్డ కబురే అనుకోను నేను.

ప్రమాదకర పరిశ్రమల్లో యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో కూర్చునే సేఫ్టీ కమిటీ ఉండాలన్న నిబంధన 1984 భోపాల్ ఘోరం తర్వాత, 1987లో గానీ మన ఫ్యాక్టరీల చట్టంలోకి రాలేదు. జర్మనీలోనైతే ఏడాదిలో ఆరు వారాలకు మించి జబ్బు లీవులో ఉన్నవాళ్ళతో, వాళ్ళు ఒప్పుకుంటేనే, యాజమాన్యం కూర్చుని మాట్లాడాలి, కార్మికులు ఎన్నుకున్న కౌన్సిల్ ఉంటే దాన్నీ పిలవాలి. జబ్బేమిటో చెప్పి తీరాలని లేదు, పనిలో ఏం మారిస్తే తిరిగి రాగలవన్నదే అక్కడ ప్రశ్న.

మొన్న అటువైపు వెళ్ళాను. బల్ల అక్కడే ఉంది. లైన్లో ఇప్పుడంతా కాంట్రాక్టు కుర్రాళ్ళే. కమిటీలో మీ తరఫున ఎవరున్నారని అడిగితే, "ఏ కమిటీ అన్నా?" అన్నారు.