బ్యాంకాక్‌ని ఏటి మీద చూడండి

(శ్రీకాకుళంలో బ్యాంకాక్ ప్రయాణికుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకీ, అమ్మలకీ, అక్కచెల్లెళ్లకీ నమస్కారం.

టికెట్టు ఎక్కడ కొనాలి, ఏ హోటల్లో దిగాలి అన్నవి మీరే చూసుకోగలరు. నేను చెప్పదలచుకున్నది, ఆ ఊళ్లో దిగాక మీ రోజు ఎక్కడ పోతుందన్న సంగతి. అది రోడ్డు మీద పోతుంది. మన ఏడు రోడ్ల కూడలిలో పండగ ముందు సాయంత్రం ఇరుక్కుపోయిన ఆటోని తలుచుకోండి. బ్యాంకాక్‌లో అశోక్ కూడలి సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా అలాగే ఉంటుంది. అందుకని మొదటే చెప్తున్నాను. ఏటి మీద తిరగండి, పట్టాల మీద తిరగండి, మిగిలిన కాస్త దూరం నడవండి. టాక్సీని రాత్రి పూటకీ, సామాన్లున్నప్పుడూ ఉంచుకోండి.

బయల్దేరే ముందు రెండు పనులు. వీసా నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్టు కొనేముందే థాయిలాండ్ రాయబార కార్యాలయం సైటు చూడండి. రెండోది డిజిటల్ అరైవల్ కార్డు. 2025 మే 1 నుంచి ఇది తప్పనిసరి. దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోపు ప్రభుత్వ సైటులో నింపాలి. పిల్లలతో సహా ఎవరిది వాళ్లకి. దీనికి ఒక్క పైసా ఫీజు లేదు. డబ్బు అడిగిందంటే అది దళారీ సైటే, మూసెయ్యండి. మనవాళ్లు తప్పు చేసేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముందో ఇక్కడ ఇంటిపేరు గడిలో అదే రాయాలి. ఇంట్లో పిలుచుకునే వరస కాదు.

ఊరికి విమానాశ్రయాలు రెండు. మన కాగితాల మీద సువర్ణభూమి అని ఉంటుంది. అక్కడ ఆ మాట అంటే టాక్సీ అబ్బాయికి అర్థం కాదు. వాళ్లు ‘సువన్నఫూమ్’ అంటారు. సంస్కృతం మాటలే గానీ చివరి అచ్చు తరచు మింగేస్తారు, చివర రకారం ఉంటే నకారం చేస్తారు. నగరం ‘నఖోన్’ అవుతుంది, అయోధ్య ‘అయుత్థయా’ అవుతుంది, రాజదేవి స్టేషను ‘రాచథేవి’ అవుతుంది. ఈ కిటుకు పట్టుకుంటే స్టేషను బోర్డులు సగం మన భాషలా కనిపిస్తాయి. రెండో విమానాశ్రయం దోన్ మువాంగ్. చవక విమానాలు ఎక్కువగా అక్కడే దిగుతాయి.

సువర్ణభూమిలో దిగితే అడుగు అంతస్తుకి వెళ్లండి, అక్కడ ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఉంది. ఆఖరి స్టేషను ఫయా థాయ్ దాకా 45 బాట్‌లు (బాట్ అంటే అక్కడి డబ్బు), అరగంటలోపు. అక్కడ ఆకాశ రైలు, అంటే బీటీఎస్ అందుతుంది. మధ్యలో మక్కసన్‌లో దిగితే పక్కనే భూగర్భ రైలు ఎమ్మార్టీ. డబ్బు మార్పు కూడా ఆ అడుగు అంతస్తులోనే చూసుకోండి, పైన సామాన్లు తీసుకునే చోట కౌంటర్ల కన్నా మంచి రేటు దొరుకుతుంది. ఏటీఎంలో మన కార్డు పెడితే ప్రతిసారీ 220 బాట్‌ల పైచిలుకు రుసుము పడుతుంది. అందుకని చిన్న చిన్న మొత్తాలు పదిసార్లు తియ్యకండి. ‘రూపాయల్లో మార్చి తీసుకోమంటారా’ అని మెషిన్ అడిగితే వద్దనండి, బాట్‌ల్లోనే తీసుకోండి. రూపాయలంటే వాళ్ల రేటు, మనకి నష్టం. దోన్ మువాంగ్‌లో దిగినవాళ్లకి ఎర్ర లైను రైలు ఉంది. దాని చివరి స్టేషను క్రుంగ్ థేప్ అఫివాత్‌లో దిగి, అక్కడే ఉన్న బాంగ్ స్యూ స్టేషన్లో ఎమ్మార్టీ ఎక్కొచ్చు.

నలుగురికి నాలుగు పెట్టెలుంటే టాక్సీయే మేలు. దిగువన మెషిన్ చీటీ ఇస్తుంది, అందులో ఉన్న నంబరు లైన్లో నిలబడండి. మీటరు 35 బాట్‌లతో మొదలవుతుంది, విమానాశ్రయం రుసుము 50 బాట్‌లు అదనం, ఎక్స్‌ప్రెస్ దారి టోలు మీరే చిల్లరగా ఇవ్వాలి. ఈ మూడూ న్యాయమైనవే, వాటి మీద గొడవ పడకండి. మీటరు వెయ్యనంటే మాత్రం దిగిపోండి. ఊళ్లో ఎక్కేటప్పుడు గ్రాబ్, బోల్ట్ యాప్‌ల్లో ఛార్జీ ముందే తెలుస్తుంది.

బీటీఎస్, ఎమ్మార్టీ వేర్వేరు సంస్థలవి. ఒకదాని టికెట్టు రెండోదాంట్లో చెల్లదు. గేటు తెరుచుకోక మనవాళ్లు కంగారుపడేది ఇక్కడే. ఎమ్మార్టీ గేటు దగ్గర వీసా, మాస్టర్‌కార్డు తాకిస్తే చాలు. అయితే బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ముందే తెరిచి ఉంచాలి, మనిషికి ఒక కార్డు ఉండాలి. ఒక కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. పెద్దవాళ్లుంటే లిఫ్టు ఏ వైపు ద్వారం దగ్గరుందో స్టేషను పటంలో ముందే చూడండి. అన్ని ద్వారాల దగ్గరా ఉండదు, రోడ్డు దాటి తిరిగి రావడమంటే మోకాళ్ల మీద భారం. ఉదయం ఎనిమిదికీ, సాయంత్రం ఆరుకీ స్టేషన్లలో జాతీయ గీతం వినిపిస్తుంది. అందరూ ఆగుతారు, మీరూ ఆగండి.

ఇక అసలు రోజు. సఫాన్ తక్సిన్ స్టేషన్లో దిగితే కిందే సాథోన్ రేవు. నాగావళిని చూసిన కళ్లకి ఇక్కడి ఏరు చావ్ ఫ్రాయా పెద్దదే, పడవలు బస్సుల్లా వరసగా వస్తాయి. నారింజ జెండా పడవ చూసి ఎక్కండి. ఎక్కడ దిగినా ఒకే ఛార్జీ, 16 బాట్‌ల చుట్టుపక్కల. రేవు మొగదల్లో టూరిస్టు పడవకి రమ్మని, పొడవు పడవ అద్దెకి తీసుకోమని పిలుస్తారు. వాళ్లని దాటి లోపలికి వెళ్లండి. పడవ నిలబడేది కొన్ని క్షణాలే. వెనక వైపు నుంచి ఎక్కాలి, దిగాలి. అందుకని మీ రేవుకి ఒక రేవు ముందే లేచి వెనక్కి జరగండి, పిల్లల చెయ్యి పట్టుకోండి. కండక్టరు రేకు గొట్టం టకటకలాడిస్తూ వస్తుంది, చిల్లర చేతిలో ఉంచండి. చీకటి పడ్డాక ఈ పడవలు ఉండవు. తిరుగు ప్రయాణం ఆరులోపు పెట్టుకోండి.

తొమ్మిదో నంబరు రేవు థా చాంగ్. అక్కడ దిగి నడిస్తే గ్రాండ్ ప్యాలెస్. ఎనిమిదిన్నరకి తెరుస్తారు, మూడున్నరకి టికెట్లు ఆపేస్తారు. మనిషికి 500 బాట్‌లు. 120 సెంటీమీటర్ల లోపు పిల్లలకి ఉచితం. ఎనిమిదింటికే గేటు దగ్గర ఉండండి. పదింటికి బస్సులు గుంపుల్ని దింపుతాయి, పదకొండు దాటితే పాలరాతి నేల కాలుతుంది. భుజాలు, మోకాళ్లు కప్పాలి. మన చీర, పంజాబీ డ్రెస్సు, పూర్తి చేతుల చొక్కా చక్కగా సరిపోతాయి. మగపిల్లల నిక్కర్లే ఇబ్బంది తెస్తాయి. దారిలో ఎవరైనా బాగా డ్రెస్ వేసుకుని వచ్చి, ‘ఇవాళ ప్యాలెస్ మూసేశారు, పూజ ఉంది, టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తాం’ అంటే ఆగకండి. ఆ టుక్‌టుక్, అంటే అక్కడి ఆటో, రత్నాల కొట్టు దగ్గర ఆగుతుంది. నిజంగా మూశారో లేదో గేటు దగ్గరే తెలుస్తుంది.

లోపల మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ ఉన్న నడవాని చాలామంది ఫోటోకి రెండు నిమిషాలిచ్చి వదిలేస్తారు. అది నాకు బాధ కలిగించే విషయం. ఆ గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం మొత్తం ఉంది. వాళ్లు రామకియన్ అంటారు. మన శ్రీకూర్మం తిరుచుట్టు మండపంలో గోడ బొమ్మల ముందు ఆగిన అలవాటున్నవాళ్లకి ఇక్కడ గంట చాలదు. ఉత్తరం వైపు మొదలుపెట్టి ప్రదక్షిణగా నడవండి. మొదటి చిత్రంలో జనకుడికి నాగటి చాల్లో సీత దొరుకుతుంది. తెల్లగా ఉన్నవాడు హనుమ. ఆకుపచ్చ ముఖంతో పది తలలవాడు థోత్సకన్, అంటే దశకంఠుడు. మన హనుమ బ్రహ్మచారి, వాళ్ల హనుమ కాదు. పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్లండి, తేడాలు వాళ్లే వెతుకుతారు.

అక్కణ్నుంచి పావుగంట నడక వాట్ ఫో గుడి. 46 మీటర్ల శయన బుద్ధుడు, పాదాల మీద ముత్యపు చిప్పతో 108 శుభ చిహ్నాలు. టికెట్టు 300 బాట్‌లు. చెప్పులు బయట వదలాలి కాబట్టి ఒక గుడ్డసంచీ తెచ్చుకోండి. కాళ్లు బుద్ధుడి వైపు చాపి కూర్చోకండి. ఆడవాళ్లు భిక్షువుల్ని తాకకూడదు. తర్వాత పక్కనే ఉన్న థా తియన్ రేవు నుంచి అయిదు బాట్‌ల దాటు పడవ మిమ్మల్ని అవతలి గట్టుకి, వాట్ అరుణ్‌కి చేరుస్తుంది. దాని గోపురమంతా పింగాణీ ముక్కలతో అతికింది. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులవాళ్లు కిందే కూర్చుని చూడొచ్చు. సాయంత్రం థా తియన్ గట్టు నుంచి చూస్తేనే అందం. వానైతే పడవ వద్దు, ఎమ్మార్టీ సనాం చాయ్ స్టేషను వాట్ ఫోకి దగ్గరే.

తిండి గురించి కాస్త ఓపిగ్గా వినండి. ‘వెజ్’ అంటే అక్కడ కూరగాయలున్న వంట అని అర్థం, మాంసం లేనిదని కాదు. వాళ్లకి ఉప్పు స్థానంలో చేపల నీళ్లు, ‘నామ్ ప్లా’. ఉత్త కూరగాయల వేపుడులో కూడా అదీ, ఆల్చిప్పల సాసూ పడతాయి. ఎర్ర, ఆకుపచ్చ కూరల ముద్దలో రొయ్యల ముద్ద ముందే రుబ్బి ఉంటుంది, వంటవాడు కావాలన్నా తియ్యలేడు. బొప్పాయి కాయ సలాడ్ ‘సోమ్ తమ్’లోనూ, పడ్ థాయ్‌లోనూ మన సముద్రపు ఊళ్లలో ఎండబెట్టేవాటిలాంటి చిన్న రొయ్యలు ఉంటాయి. అందుకని శాకాహారులు పట్టుకోవలసిన మాట ‘జే’. పసుపు జెండా మీద ఎర్రగా, చూడ్డానికి పదిహేడు అంకెలా ఉంటుంది. ఆ జెండా ఉన్న బండి దగ్గర మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. సెప్టెంబరు, అక్టోబరు మధ్య జే పండగ తొమ్మిది రోజులూ వీధుల్నిండా ఇవే. జెండా లేని చోట ‘మాయ్ సాయ్ నామ్ ప్లా’, చేపనీళ్లు వెయ్యొద్దని చెప్పండి. ఇది థాయ్ అక్షరాల్లో కాగితం మీద రాయించుకుని చూపిస్తే ఇంకా మంచిది, మన ఉచ్చారణలో రాగం తప్పితే అర్థం మారిపోతుంది. ‘కయ్’ అంటే కోడి, ‘ఖాయ్’ అంటే గుడ్డు. ఈ రెండూ పొరపడేవాళ్లు లెక్కలేనంతమంది. మాంసం తినేవాళ్లు కూడా ‘నువా’ గొడ్డు మాంసమనీ, ‘మూ’ పంది మాంసమనీ గుర్తుంచుకుంటే కావలసింది అడగొచ్చు. కారం వద్దంటే ‘మాయ్ ఫెట్’.

మామిడి పండు, కొబ్బరిపాల జిగురన్నం అందరూ తినొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మామిడి బాగుంటుంది గానీ ఎండ మన రోహిణి కార్తెని తలపిస్తుంది. పెద్దవాళ్లకి నవంబరు నుంచి ఫిబ్రవరే మేలు. ఇంటి భోజనం మీద మనసు పోతే సామ్ యోత్ స్టేషను దగ్గర పహురత్‌కి వెళ్లండి, గురుద్వారా చుట్టూ మనదేశం దుకాణాలే. సీలోం రోడ్డులో తమిళులు కట్టిన మారియమ్మ గుడి చుట్టుపక్కలా ఇడ్లీ దొరుకుతుంది. కందిగుండ, ఆవకాయ తీసుకెళ్లండి, కానీ చేతి సంచీలో కాదు. నూనె ఉన్న పచ్చడిని తనిఖీలో తీసేస్తారు, పెద్ద పెట్టెలో గట్టిగా మూసి పెట్టండి. కుళాయి నీళ్లు తాగకండి. మధ్యలో కన్నమున్న గొట్టం ఐసు ఫ్యాక్టరీది, పర్వాలేదు. పొట్లం మీద తేదీ చూసి భయపడకండి. వాళ్లది బుద్ధ శకం, మన సంవత్సరానికి 543 కలిపితే వాళ్ల సంవత్సరం. 2569 అంటే 2026.

కొనుగోళ్లకి శని, ఆదివారాల్లో చతుచక్ సంత. ఎమ్మార్టీ కంఫేంగ్ ఫెట్‌లో దిగితే సంత లోపలే ఉంటారు. బుద్ధ విగ్రహాలు కొంటే మాత్రం బయటికి తేవడానికి వాళ్ల లలితకళల శాఖ అనుమతి కావాలి. ఈ-సిగరెట్లు అక్కడ నేరం, పిల్లలకి గట్టిగా చెప్పండి.

తిరుగు రోజు విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండేలా రైలే ఎక్కండి. టాక్సీ ఎక్కాల్సొస్తే సామాను ఎక్కించకముందే టికెట్టు చూపించి సువన్నఫూమా, దోన్ మువాంగా అని ఒకటికి రెండుసార్లు చెప్పండి. రెండూ ఊరికి చెరో వైపు. తప్పు చోటుకి చేరాక సాయంత్రం రద్దీలో ఇటు నుంచి అటు వెళ్లేసరికి విమానం ఉండదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.